మేక మెదడు, సాంచాల మోత

మొన్న ఉదయం ఫోను మోగితే, నాలుగు రోజులుగా దానికి మాట పడిపోయిందేమో అనుకుంటున్న నేను గబుక్కున ఎత్తాను. కోరుట్లలో ఆడపిల్లల బడిలో పాఠాలు చెప్పే మా తోడల్లుడి కోడలు. "మామా, మీరు సిరిసిల్లల మెదడు కోసి చూపెట్టిండ్రట గద. మెదడు మీది సదువు సదువుండ్రని మా పదోతరగతి పిల్లలకు జెర చెప్పరాదుండ్రి" అంది. జగిత్యాలలో ఈ రెండు గదుల్లో నాతో నేనే మాట్లాడుకునేవాణ్ణి, వెంటనే ఒప్పుకున్నాను.

ఆ కథ చుట్టాలందరికీ చెప్పింది నేనే మరి. సైన్సు సారుగా ఉన్న రోజుల్లో ఒకనాడు మేక మెదడు కోసం మాంసం కొట్టుకు వెళితే, కొట్టాయన "గింత పొద్దుగాల భేజానా సారూ, సుట్టాలచ్చిండ్రా?" అన్నాడు, అవును, నలభై మంది ఆడపిల్లలు అన్నాను. ఇంతవరకు నిజమే. ఆపైన నేనే దాన్ని రెండు భాగాలు చేశాననడం మాత్రం గొప్పకు చెప్పింది. బ్లేడు పట్టి, ఎక్కడ కోయాలో తెలియక ముద్దను తిప్పి తిప్పి చూశాను. ముందు బెంచీ పిల్ల, మరమగ్గాలు, అంటే మా వైపు సాంచాలు, నడిపే ఆయన బిడ్డ, లేచి వచ్చి బ్లేడు అందుకుంది. ఇంట్లో తెగిన పోగులు అతికి అతికి ఆరితేరిన ఆ వేళ్ళు పొర చినగకుండా తీశాయి. "సార్, గీ మెత్తటి ముద్దల యాదికుండుడు యాడుంటది?" అని అడిగింది. పుస్తకంలో ఒక బొమ్మ, దాని కింద అరపేజీ, అంతే నా విద్య. తెలియదనకుండా, నువ్వే చదివి కనుక్కో అన్నాను. ప్రోత్సాహమని ఇన్నేళ్ళు నేను చెప్పుకున్నది ఆ తప్పించుకునే మాటనే.

ఆ పిల్ల దాన్ని నిజమనుకుంది. పరీక్షలయ్యాక వచ్చి, ఇంటర్లో బైపీసీ చదువుతానంటే ఇంట్లో వద్దంటున్నారని, "మీరచ్చి మా బాపుకు ఒక్కమాట చెప్పుండ్రి సార్, మీ మాటైతే ఇంటడు" అంది. ఆదివారం వస్తానన్నాను. వెళ్ళాననీ, ఆయన సాంచాలు ఆపి మరీ విన్నాడనీ, ఆ పిల్ల ఇప్పుడు ఎక్కడో పెద్ద మెదడు డాక్టరనీ చుట్టాల్లో ఎందరికో చెప్పే ఉంటాను.

వెళ్ళింది వీధి మొదటిదాకే. ఈ సాంచాల మోతలో నా మాట ఏం వినబడుతుందని నాకు నేనే సర్దిచెప్పుకుని వెనక్కి తిరిగాను. అసలు భయం వేరు. మరి మీ బిడ్డను ఏం చదివిస్తున్నరు సారూ అని ఆయన ఎక్కడ అడుగుతాడోనని; పది పాసైన నా బిడ్డకు అంతకుముందు ఎండాకాలమే పెళ్ళి చేసి మేడిపల్లికి పంపాను. ఇప్పటికీ అది ఫోను చేస్తే, తిన్నవా బాపూ అని అడిగి పెట్టేస్తుంది. ఆ పిల్ల కాలేజీలో చేరలేదని విన్నాను. తర్వాత ఏమైందో అడిగే ధైర్యం చేయలేదు.

ఎల్లుండి కోరుట్ల వెళ్తాను. మెదడు గురించి ఇప్పటి పిల్లలకు నాకంటే ఎక్కువే తెలుసు. నేను చెప్పగలిగింది నేను వెళ్ళని ఆ ఆదివారం సంగతి ఒక్కటే. వాళ్ళలో ఎవరైనా మా ఇంటికొచ్చి చెప్పుండ్రి అంటే మాత్రం ఆగకుండా వెళ్తాను. మొన్నామధ్య సిరిసిల్లకు పోయినప్పుడు ఆ వీధిలో ఆ పిల్ల ఇంటిదాకా నడిచాను. సాంచాలు చాలావరకు ఆగిపోయాయి. ఇప్పుడు ఎంత మెల్లగా మాట్లాడినా వినబడుతుంది. ఆ ఇంటికి తాళం వేసి ఉంది.