తెల్లబడిన సీసా

మా సర్జికల్ వార్డులో ఆమెను పేరు పెట్టి పిలిచినవాళ్లు లేరు. పెద్ద డాక్టరు నుంచి గేటు దగ్గర కాపలా మనిషి వరకు అందరికీ ఆమె సీసాలమ్మే. ఆపరేషన్ అయినవాళ్ల కుట్ల పక్కన సన్నని గొట్టం పెట్టి, లోపల ఊరేది దిగడానికి చివర ఒక సీసా తగిలిస్తారు. రోజూ పొద్దున ఆరింటికి ఆ సీసాలు ఖాళీ చేసి, గీతలున్న జగ్గులో కొలిచి, ఆ అంకె నర్సునైన నాకు చెప్పడం ఆమె పని. పంతొమ్మిదేళ్లుగా అదే పని. చదివింది ఏడో తరగతి. జగ్గును కిటికీ దగ్గరికి తీసుకెళ్లి వెలుతురులో ఎత్తి చూస్తే గాని అంకె చెప్పేది కాదు.

"ఏం, అందులో సినిమా కనిపిస్తోందా?" అని ఏడిపించేదాన్ని.

"కనిపిస్తుంది నర్సమ్మా, టిక్కెట్టు లేకుండా" అనేది.

ఒకసారి మా వార్డులో ఒక లారీ డ్రైవరు చేరాడు. మెడలో గడ్డ. పెద్ద డాక్టరు గడ్డతో పాటు ఎడమవైపు గ్రంథులు కూడా తీసేశారు. రెండు రోజులు సీసాలోకి పల్చని ఎరుపు దిగింది. అది మామూలే. మూడో రోజు భోజనం మొదలుపెట్టాం. నాలుగో రోజు పొద్దున సీసాలమ్మ జగ్గు పట్టుకుని పరుగులాంటి నడకతో వచ్చింది.

"నర్సమ్మా, ఇటు చూడండి. అచ్చం పాలు!"

"చీము అయ్యుంటుందిలే. ఎంత ఉందో చెప్పు, రాసుకుంటా."

"చీము అయితే కంపు కొట్టదూ? దీనికి వాసనే లేదు. ఇన్నేళ్లలో ఇలాంటిది చూళ్లేదు. డాక్టరుగారికి ఫోన్ చెయ్యండి."

నాకు చిరాకేసింది. ఆమె మాత్రం అక్కణ్నుంచి కదల్లేదు. విసుక్కుంటూనే ఫోన్ చేశాను.

పెద్ద డాక్టరు వచ్చారు. జగ్గు చూడగానే ఆయన ముఖం మారిపోయింది. కొంచెం పరీక్షకు పంపి, సీసాలమ్మకే చెప్పారు.

"సన్నటి రక్తనాళాల గోడల్లోంచి నెత్తురులోని నీరు కొంత బయటికి ఊరుతుందమ్మా. ఒంట్లో ప్రతి కణానికీ తిండి అందించేది ఆ ఊటే. చాలావరకు మళ్లీ నెత్తుర్లోకే పోతుంది. మిగిలింది వేరే గొట్టాల్లోకి చేరుతుంది. దాన్నే లింఫు అంటాం, పుస్తకాల్లో శోషరసం అని రాస్తారు. గ్రంథులు దాన్ని దారిలో వడకడతాయి. అదంతా చాలావరకు ఒకే గొట్టంలో కలిసి, ఇదిగో, ఇక్కడ ఎడమ మెడ మొదట్లో మళ్లీ నెత్తుర్లో పడుతుంది. ఆ గొట్టానికే చిల్లు పడింది. నా కత్తి తగిలే పడి ఉంటుంది."

"మరి తెలుపెందుకు సార్?"

"తిన్న కొవ్వు పేగుల్లోంచి ఆ దారినే వస్తుంది. కొవ్వు తినకపోతే తెల్లగా ఉండదు, కారడమూ తగ్గుతుంది. అప్పుడు చిల్లు దానంతటదే పూడుకోవచ్చు."

డ్రైవరు భార్యకు ఈ సంగతి చెప్పే పని నాది. ఆ రోజు చేతినిండా పని. "నూనె, వెన్న తగలనివ్వకమ్మా. బయటి తిండి అసలు తేవద్దు" అని చెప్పి వెళ్లిపోయాను.

సీసాలోకి కారేది రోజుకు పదకొండు వందల మిల్లీలీటర్ల నుంచి ఎనిమిది వందలకు, అక్కడి నుంచి రెండు వందలకు దిగింది. రంగు తేరుకుని లేత పసుపు నీరయింది. డ్రైవరు మాత్రం రోజురోజుకీ నీరసించిపోతున్నాడు, కాళ్లు వాచాయి. నాళాల్లోకి నీటిని వెనక్కి లాగే మాంసకృత్తులు ఆ సీసాలోకి పోతున్నాయని, అందుకే కండలో ఊరిన నీరు అక్కడే నిలిచిపోతోందని డాక్టరు చెప్పారు.

తొమ్మిదో రోజు పొద్దున జగ్గులో తొమ్మిది వందలు. మళ్లీ తెలుపు.

"ఇక ఆగితే మనిషి దక్కడు. పదకొండింటికి మెడ తెరిచి గొట్టం ముడేస్తాను" అన్నారు పెద్ద డాక్టరు. మత్తు డాక్టరు తల అడ్డంగా ఊపాడు. "ఈ ఒంటితో బల్ల మీదకెక్కితే దిగుతాడన్న నమ్మకం నాకు లేదు." అయినా డ్రైవరు వాళ్ల అన్నయ్య ఆపరేషన్‌కు ఒప్పుకుంటూ సంతకం పెట్టాడు.

పదిన్నరకు ట్రాలీ వచ్చింది. సీసాలమ్మ దానికి అడ్డంగా నిలబడింది.

"సార్, కొవ్వు తింటేనే తెలుపన్నారు కదా. మరి ఈయన ఏం తిన్నాడు?"

ఆమె మంచం కిందికి వంగి, చీర మూటలో ఉన్న ఫ్లాస్కు బయటికి తీసి, మూత విప్పి వాసన చూసింది. డ్రైవరు భార్య ముఖం పాలిపోయింది.

"నువ్వు చెప్తావా అమ్మా, నన్ను చెప్పమంటావా?"

సీసాలమ్మ అందరి ముందూ అనేసింది. "పాలు. రాత్రి తాగించింది."

"నిలబడలేకపోతున్నాడని... ఒక్క గ్లాసే. నూనె వద్దన్నారు, వెన్న వద్దన్నారు. పాలు వద్దని ఎవరన్నారు?" ఆవిడ ఏడ్చేసింది. డ్రైవరు అన్నయ్య ఆవిడ వైపు గుడ్లురిమి, "నీ మూలంగానే వాడు పోయేవాడు!" అని అరిచాడు.

ఆవిడ చెప్పింది నిజమేనని అనాల్సింది నేను. అనలేదు.

డాక్టరు ట్రాలీని వెనక్కి పంపారు. "మూడు రోజులు. అప్పటికీ తగ్గకపోతే కోయక తప్పదు."

మొదటి రోజు ఏడు వందలు. రెండో రోజు ఏడు వందల యాభై. తేటగానే ఉంది గాని తగ్గలేదు. ఆ పొద్దున సీసాలమ్మ కిటికీ దగ్గర చాలాసేపు నిలబడింది. "నేనే ఆపానమ్మా. పోతే నా వల్ల పోయినట్టే" అంది. ఆ రోజు భోజనం కూడా ముట్టలేదు. మూడో రోజు రెండు వందల ముప్ఫై. నాలుగో రోజు డెబ్భై. ఆ తర్వాత రెండు రోజులు సీసా అడుగు తడిసిందంతే. గొట్టం తీసేశారు.

ఇంటికి వెళ్లేరోజు డ్రైవరు అందరికీ దణ్ణం పెట్టాడు. ఆయన భార్య మాత్రం సీసాలమ్మ వైపు చూడకుండా మెట్లు దిగిపోయింది.

"పక్కకి పిలిచి చెప్పాల్సింది. అంతమందిలో ఆ పిల్ల పరువు తీశాను" అంది సీసాలమ్మ.

అప్పుడు గాని ఆమెకు నిజం చెప్పలేకపోయాను. పాల మాట ఆవిడకు చెప్పనిది నేనేనని. సీసాలమ్మ తిట్టలేదు.

"దిగి చెప్పిరండి నర్సమ్మా. ఆటో ఇంకా కదల్లేదు" అంది.

చెప్పులు కూడా వేసుకోకుండా పరిగెత్తాను.