అరుణమ్మ చూసిన ఏడో దళం

హాస్టల్లో అరుణమ్మగారిని అందరం వార్డెన్ ఆంటీ అనేవాళ్లం. వెనకాల ఏమనేవాళ్లమో ఇప్పుడు చెప్పుకోవాలంటే నాకే సిగ్గు. దిల్‌సుఖ్‌నగర్ మెట్రో స్టేషన్ వెనక సందులో, మెడికల్ కోచింగ్‌కి వచ్చిన అమ్మాయిల కోసం పెట్టిన నాలుగంతస్తుల హాస్టల్ అది. నాది రెండో ఏడు లాంగ్ టర్మ్, అంటే సీటు రాక మళ్లీ రాసేవాళ్ల కోర్సు. అవే పుస్తకాలు, అదే బల్ల, అదే నీళ్ల సాంబారు. బొద్దింక జీర్ణవ్యవస్థ నాకు మా భీమవరం వీధుల కంటే బాగా తెలుసు, మార్కులు మాత్రం రావు.

ఆంటీది నల్గొండ వైపు పల్లె. యాభై దాటాయి. భర్త పోయాక పదకొండేళ్లుగా ఏదో ఒక హాస్టల్లోనే ఉంటోంది. మోకాళ్లకి బామ్ రాసుకుంటూ రోజంతా మెట్లు ఎక్కి దిగేది. పొద్దున్నే తలుపులు బాది లేపడం, స్నానాల దగ్గర తగువులు తీర్చడం, అన్నం వదిలేస్తే తిట్టడం ఆవిడ పని. ఒక్కోసారి తిట్టు మధ్యలోనే ఓపిక అయిపోయేది. "పో బిడ్డా, పో" అని గోడకి చెయ్యి ఆనించి నిలబడిపోయేది.

మా ఫోన్లు ఆదివారం నాలుగు గంటలు మాత్రమే మా చేతికి వచ్చేవి. మిగతా వారమంతా ఆఫీసు గది బీరువాలో, నంబరు కుట్టిన గుడ్డ సంచుల్లో ఉండేవి. ప్రతి ఫోను వెనకా తెల్ల ప్లాస్టరు అతికించి దాని మీద లాక్ నంబరు రాయాలి. అది ఓనరు పట్టాభిగారి రూలు. శనివారం అన్నిటికీ చార్జింగ్ పెట్టడం ఆంటీ వంతు.

నా ఫోనులో 'ఏడో దళం' ఉండేది. తెలుగులోకి డబ్ చేసిన జపాన్ బొమ్మల సీరియల్, యానిమే. మా రూమ్మేట్ సౌజన్యకి బోటనీ క్లాసులు డౌన్‌లోడ్ చేసుకుంటున్నానని చెప్పేదాన్ని. నిజం చెప్తే పరువు పోతుంది, అంత చెత్త కథ. సరిహద్దులో ఒక కోట. ప్రతి భాగంలోనూ దాని మీదికి ఒక సైన్యం వస్తుంది, పైన ఒక డ్రాగన్. మనవాళ్లు ఓడిపోతారనిపిస్తుంది. కుర్ర కెప్టెన్ జుట్టు ఎగరేసుకుని ఏదో పన్నాగం పన్నుతాడు, గెలుస్తారు, అందరూ సూప్ తాగుతారు. మళ్లీ వారం ఇంకో సైన్యం. అది చూస్తే నా బుర్రకి కాళ్లు చాపుకుని కూర్చున్నంత హాయిగా ఉండేది.

ఒక ఆదివారం తెరిచి చూస్తే నేను చూడని మూడు భాగాలు చూసేసినట్టు ఉంది. యాప్ పాడైందనుకున్నాను. మరుసటి వారం కూడా అంతే. ఫోను ముక్కు దగ్గర పెట్టుకుంటే బామ్ వాసన. మేం క్లాసులకి వెళ్లాక, మధ్యాహ్నం ఆఫీసు గదిలో ఒక్కతే కూర్చునే మనిషి ఎవరో నాకు తెలుసు. మొదట ఒళ్లు మండింది. తర్వాత ఎందుకో నవ్వొచ్చింది. ఏమీ అడగలేదు. ఆ ఆదివారం నుంచి వారానికి సరిపడా భాగాలు డౌన్‌లోడ్ చేసి మరీ ఫోను అప్పజెప్పేదాన్ని. ఆవిడా ఏమీ అనలేదు. కాకపోతే నా కంచంలో పెరుగు కొంచెం గట్టిగా పడేది.

రెండు నెలలు గడిచాయి. ఒక ఆదివారం మా నాన్న బాపిరాజు చెప్పకుండా వచ్చాడు. ఎల్బీనగర్‌లో బస్సు దిగి, మెట్రో ఎక్కి, నేను భోజనంలో ఉండగానే ఆఫీసు గదిలో నా ఫోను తీసి కూర్చున్నాడు. యాప్‌లో చూసినవన్నీ తేదీలు, టైములతో సహా కనిపించాయి. మంగళవారం రెండుంపావు, బుధవారం రెండు.

"క్లాసు ఎగ్గొట్టి బొమ్మలు చూస్తున్నావా?" అన్నాడు నాన్న, నేను ఆఫీసు గదిలోకి రాగానే. గొంతు పెంచలేదు. అదే భయం. ఫోన్లు బీరువాలో ఉంటాయి కదా అని పట్టాభిగారు అంటే, బీరువా తాళం ఎవరి దగ్గర ఉంటుందో నాన్న అడిగాడు. ఆంటీయే నాకు ఫోను తీసిస్తోందని ఆయన అనుమానం. ఈ చదువు చాలని, సామాను సర్దుకోమని, భీమవరంలో బీఎస్సీలో చేరుస్తానని నాతో చెప్పాడు. నా రెండేళ్లూ కళ్ల ముందే పోతున్నాయి. నోరు విప్పితే ఆంటీ ఉద్యోగం పోతుంది. ఆవిడ కోసమే ఊరుకున్నానని చాలారోజులు చెప్పుకున్నాను. అది అబద్ధం. తెలిసి తెలిసి డౌన్‌లోడ్ చేసింది నేనేనని బయటపడుతుందని ఊరుకున్నాను.

తలుపు దగ్గర నిలబడ్డ ఆంటీ లోపలికి వచ్చింది. "నేనే చూసిన సార్. పిల్ల తప్పేం లేదు."

నాన్న నమ్మలేదు. ఈ వయసులో మీరు కత్తుల బొమ్మలు చూడటమేంటి, దాన్ని వెనకేసుకురాకండి అన్నాడు. ఆవిడ ఫోను వైపు వేలు చూపించి, ఏదో ఒక భాగం పెట్టమంది. నాన్న మధ్యలోంచి ఒక భాగం పెట్టాడు.

"ఇప్పుడు ముసలి సిపాయి గేటు ముయ్యనీకి పోతడు సార్. మోకాలు వంగది, కుంటుకుంట పోతడు. కెప్టెన్ ఆగమంటడు, ఇనడు."

ముసలి సిపాయి కుంటుకుంటూ వెళ్లి గేటు మూశాడు.

"ప్రతిసారి గంతే" అంది ఆవిడ, తెర మీంచి కళ్లు తియ్యకుండా. "ఓడిపోయినట్టే ఉంటరు, ఆఖరుకు గెలుస్తరు. ముందే ఎరుక, గందుకే చూస్త. దినమంతా ఏది ఎట్లయితదో తెల్వక పానం అలిసిపోతది సార్."

నాన్న ఫోను తన సంచిలో వేసుకుని, నన్ను హాస్టల్లోనే ఉంచి వెళ్లిపోయాడు. పట్టాభిగారు ఆంటీని తిట్టలేదు. ఆడపిల్లల ఫోన్లు వార్డెన్ తెరుస్తోందని బయట తెలిస్తే ఎవరూ చేరరని, నెలాఖరుకి వేరే చోటు చూసుకోమని చెప్పారు. కర్మన్‌ఘాట్‌లో ఒక హాస్టల్ దొరికింది. అదీ నాలుగంతస్తులేనట.

వెళ్లే రోజు ఆవిడ బ్యాగు గేటు దాకా మోశాను. క్షమించమని అడగాలని వచ్చాను, బ్యాగు పట్టీ సర్దుతూ నిలబడ్డాను. ఆటో కోసం చూస్తూ ఆవిడే అడిగింది, చివరి రెండు భాగాల్లో ఏమైందని. నేనూ చూడలేదు. అయినా ఆ కథ చెప్పడానికి చూడక్కర్లేదు. అన్నిటికంటే పెద్ద సైన్యం వచ్చిందన్నాను, రెండు డ్రాగన్లు అన్నాను, గెలిచారన్నాను.

"ముసలాయన?"

"బతికే ఉన్నాడు ఆంటీ. రాజుగారు పిలిపించి, కోటలోనే గది ఇచ్చారు."

ఆవిడ నా మొహంలోకి చూసింది. "నువ్వు సూడలే కద బిడ్డా. గసొంటోళ్లు ఆఖరుకు సస్తరు, నాకెరుక."

ఆటో వచ్చి ఆగింది. ఆవిడ మోకాలు పట్టుకుని మెల్లగా ఎక్కి, బ్యాగు ఒళ్లో పెట్టుకుంది.

"ఆ గది ఏడ ఇచ్చిండు?" అంది.

"కిందే ఆంటీ" అన్నాను. "ఒక్క మెట్టు కూడా ఎక్కక్కర్లేదు."