కాలవ అవతల నిలబడ్డ ఎర్రయ్య

ఎర్రయ్య పదమూడేళ్ళు మురిక్కాలవ అవతలే నిలబడ్డాడు. ఎండలో నిలబడ్డాడు. వానలో తలమీద గోనె కప్పుకుని నిలబడ్డాడు. చంకలో కాల్ పుస్తకం.

బిలాస్‌పూర్ లోకో షెడ్డులో అతను కాల్‌మన్. ఫలానా బండికి ఫలానా డ్రైవరు రావాలని షెడ్డులో రాసిస్తారు. కాల్‌మన్ ఆ డ్రైవరు క్వార్టర్‌కి వెళ్ళి, మనిషిని లేపి, పుస్తకం చేతికిచ్చి, టైము వేయించి సంతకం తీసుకుని రావాలి. సంతకం పడేదాకా గుమ్మం ముందునుంచి కదలకూడదు. అదీ రూలు.

దొరల బంగళాల్లో ఆ రూలు నడిచేది. ఆంగ్లో ఇండియన్ డ్రైవరు నిద్రకళ్ళతో, తిట్టుకుంటూనే బయటికొచ్చి పుస్తకం లాక్కుని గీకి ఇచ్చేవాడు. బెంగాలీల ఇళ్ళలోనూ నడిచేది. మన తెలుగువాళ్ళ క్వార్టర్ల లైన్లో మాత్రం నడవలేదు. విజయనగరం వైపునుంచి వచ్చి స్థిరపడ్డ పదకొండు డ్రైవరు కుటుంబాలు అక్కడ ఉండేవి. ఎర్రయ్యదీ ఆ దేశమే, పాలకొండ దగ్గర పల్లె. యాస ఒకటే, మొక్కే అమ్మవారూ ఒకటే. కాని అతను ఊరికి ఎడంగా ఉన్న పేటలో పుట్టాడు. అతను ముట్టిన పుస్తకం అరుగెక్కితే అరుగు కడగాలి, పట్టుకున్నవాడు తలమీద నీళ్ళు పోసుకోవాలి. అంచేత పదకొండు ఇళ్ళూ కలిసి ఒక ఏర్పాటు చేసుకున్నాయి. ఎర్రయ్య ఇళ్ళ ముందున్న మురిక్కాలవ అవతలినుంచి పిలుస్తాడు, డ్రైవరు లోపల్నుంచి పలుకుతాడు, సంతకం షెడ్డుకి వచ్చాక పెడతాడు. షెడ్డులో అదే పుస్తకం, అదే చెయ్యి. అక్కడ మైల లేదు.

పిలిచినట్టు రుజువు లేకుండా పుస్తకం పట్టుకుని తిరిగి నడిచే బాధ్యత మాత్రం ఎర్రయ్యది. ఇదేం న్యాయమని అతను ఎన్నడూ అడగలేదు.

ఆ ఏర్పాటు మొదలయింది ఆదినారాయణ ఇంట్లో. అతను గూడ్స్ డ్రైవరు. చీపురుపల్లి నుంచి వచ్చిన అతని తల్లి మంగాయమ్మకి పట్టింపు జాస్తి. మొదటిసారి ఎర్రయ్య పుస్తకం చాపినప్పుడు ఆవిడ చెంబెడు నీళ్ళు గుమ్మంలోకి కుమ్మరించి, ఆ నీళ్ళు దాటి రావద్దని చెప్పింది. ఆదినారాయణ తల్లిని ఏమీ అనలేదు. షెడ్డులో పెడతాలే సంతకం, వెళ్ళమన్నాడు. చుట్టుపక్కల ఇళ్ళు అది చూసి నేర్చుకున్నాయి.

ఎర్రయ్య పని తెలిసిన మనిషి. ఎవరు ఒక్క పిలుపుకి లేస్తారో, ఎవరు మూడు పిలుపులకి గాని కదలరో అతనికి ఎరుక. బాలింత ఉన్న ఇంటి దగ్గర గొంతెత్తేవాడు కాదు, కాలవమీది రాతిపలకని కర్రతో టకటకా కొట్టేవాడు. ఒకసారి చిన్నారావు అనే డ్రైవరు ఇంట్లో పసిబిడ్డ పోయింది. ఆ సంగతి షెడ్డుకి తెలియక కాల్ రాసి పంపారు. ఎర్రయ్య కాలవ దగ్గరికి వచ్చి, లోపలి ఏడుపు విని, పిలవకుండానే వెనక్కి వెళ్ళి, బదులు ఇంకో డ్రైవర్ని వెయ్యమని ఫోర్‌మన్ కాళ్ళావేళ్ళా పడ్డాడు. ఎవరి గుమ్మం ముందు ఎలా మసలాలో అంత ఎరిగినవాడు ఆ లైన్లో మరొకడు లేడు. ఆ గుమ్మాల్లో ఒక్కటీ అతను ఎక్కింది లేదు.

పంతొమ్మిదివందల ఇరవై ఏడో సంవత్సరం వేసవిలో మన డ్రైవర్లకి రోషం వచ్చింది. ఫోర్‌మన్ దొర మనవాళ్ళని చిటికేసి పిలిచేవాడు. విచారణకి పిలిస్తే ఆంగ్లో ఇండియన్ డ్రైవర్లకి కుర్చీ, మనవాళ్ళకి గోడవార నిలువుకాళ్ళు. ఇది సాగదని సన్యాసిరావు అనే పెద్ద డ్రైవరు ఇంట్లో మీటింగు పెట్టారు. అర్జీ రాసింది ఆదినారాయణే. మమ్మల్ని పేరుపెట్టి పిలవండి, కూర్చోమనండి, మేమూ మనుషులమేనని రాశాడు. అతనే పైకి చదివాడు. వింటున్న వాళ్ళ కళ్ళు తడిశాయి. ఆ మీటింగు జరుగుతూండగానే ఎర్రయ్య వచ్చి కాలవ అవతలినుంచి సన్యాసిరావుకి కాల్ చెప్పాడు. లోపల్నుంచి ఒకరు "విన్నాంలే ఎల్లు" అన్నారు. మళ్ళీ గౌరవం గురించి మాట్లాడుకున్నారు.

మూడువారాలు గడిచాయి. ఒకరోజు ఆదినారాయణ రాయగఢ్ బండి దిగి పొద్దున్నే ఇంటికొచ్చి, చద్దన్నం తిని, తడిపిన గచ్చుమీద పడుకున్నాడు. రెండు గంటలకి ఎర్రయ్య వచ్చాడు. పెండ్రారోడ్ గూడ్స్, నాలుగు గంటలకి అని పిలిచాడు. ఆదినారాయణ "ఆఁ, వస్తన్నాను, ఎల్లు" అన్నాడు. అతని భార్య కనకమహాలక్ష్మి పెరట్లోంచి ఆ పిలుపూ విన్నది, ఈ పలుకూ విన్నది. లేస్తాడు కదా అనుకుని సంచీ పట్టుకుని తార్‌బహార్ బజారుకి కూరగాయలకోసం వెళ్ళింది. మంగాయమ్మకి అప్పటికే చెవులు సరిగా వినపడవు. కనకమహాలక్ష్మి తిరిగొచ్చేసరికి నాలుగున్నర దాటింది. మొగుడు ఇంకా గోడవైపు తిరిగి నిద్రపోతున్నాడు.

బండి గంటా నలభై నిమిషాలు ఆలస్యంగా కదిలింది. మర్నాడు విచారణ.

ఫోర్‌మన్ ముందు ఆదినారాయణ గోడవార నిలబడ్డాడు. రెండడుగుల దూరంలో ఎర్రయ్య. కాల్ వచ్చిందా అని దొర అడిగాడు. ఆ ఒక్క క్షణంలో ఆదినారాయణ బుర్రలో ఎన్ని తిరిగాయో అతను తరవాత చాలాసార్లు లెక్కపెట్టుకున్నాడు. డ్రైవరుగిరీ పోతుందని. మళ్ళీ ఫైర్‌మన్‌గా పారతో బొగ్గు వెయ్యాలని. కుర్చీ అడిగినవాడే నిద్రపోయాడంటే అర్జీ చింపి మొహాన కొడతారని. ఈ చివరిదే పెద్ద కారణమని తనకి తాను నచ్చచెప్పుకున్నాడు, అందరికోసం ఆడుతున్న అబద్ధమని.

"కాల్ రాలేదు సార్" అన్నాడు.

దొర పుస్తకం తిప్పాడు. సంతకం ఉండాల్సిన చోట ఖాళీ. ఏం చెప్తావని ఎర్రయ్యని అడిగాడు. ఎర్రయ్య తిన్నగా ఆదినారాయణ వైపు చూశాడు. కోపంగా కాదు. ఈయన ఇప్పుడు సర్దుకుని చెప్తాడు, కాస్త టైమిద్దాం అన్నట్టు చూశాడు. నిజం చెప్పాలంటే కాలవ సంగతి చెప్పాలి. అది చెప్తే పదకొండుమంది డ్రైవర్లూ షెడ్డుకొచ్చి వెనకటి టైము వేసి దొంగసంతకాలు పెడుతున్నారని తేలుతుంది. ఎర్రయ్య ఆగాడు. గుమస్తా కలం సిరాలో ముంచాడు. ఆదినారాయణ తన కాళ్ళవైపు చూసుకున్నాడు.

"సంతకం నేదు బాబూ" అన్నాడు ఎర్రయ్య.

డ్యూటీలో నిర్లక్ష్యం అని అతని కాగితంలో రాశారు. కాల్‌మన్ పని తీసేసి బూడిదగుంట మీద వేశారు.

ఆ సాయంత్రం కనకమహాలక్ష్మి కంచంలో అన్నం పెట్టి, ఎదురుగా కూర్చుంది.

"నువ్వు పలికినావు మావా. నేను ఇన్నాను."

"నిద్దట్ల పలికితే పలికినట్టేటి?"

"మరి రానేదని ఎందుకు సెప్పినావు? అప్పుడు మెలకువగానే ఉన్నావు గదా."

అతను కంచం ముందునుంచి లేచిపోయాడు. ఆవిడ మళ్ళీ ఆ మాట ఎత్తలేదు. ఎత్తి ఉంటే బాగుండేదని అతనికి ఏళ్ళ తరబడి అనిపించింది.

మూడునెలలకి అర్జీ ఫలించింది. ఫోర్‌మన్ గదిలో మనవాళ్ళకోసం బెంచీ వేశారు. అందరూ ఆదినారాయణని ముందు కూర్చోమన్నారు. కూర్చున్నాడు గాని నడుం వాల్చలేకపోయాడు. ఇక తెలుగు లైన్లో కాల్ పుస్తకం సంగతి వినండి. కొత్త కాల్‌మన్ కూడా ముట్టరాని కులంవాడే. సంతకం లేనిదే కదలనని అతను మొండికేశాడు. అప్పుడు పదకొండు ఇళ్ళూ ఆలోచించి, పుస్తకం అరుగు చివర పెట్టించి, దానిమీద నాలుగు చుక్కలు నీళ్ళు చిలకరించి సంతకం చెయ్యడం మొదలెట్టాయి. మంగాయమ్మ కూడా ఒప్పుకుంది. నాలుగు నీటిచుక్కలతో తీరిపోయే మైల అది. పదమూడేళ్ళలో ఆ నాలుగు చుక్కలు ఎవరికీ తోచలేదు. ఆదినారాయణ మొదటిసారి అలా సంతకం చేసిన రోజు లోపలికెళ్ళి చాలాసేపు మంచినీళ్ళ కుండ దగ్గరే నిలబడిపోయాడు.

బూడిదగుంట అంటే ఇంజన్ కింద పట్టాల మధ్య నిలువులోతు గొయ్యి. ఇంజన్ వచ్చి ఆగగానే పైనుంచి నిప్పుల బూడిద దిమ్మరిస్తారు. కింద మనిషి పార పట్టుకుని లాగెయ్యాలి. ఆదినారాయణ తన ఇంజన్ తెచ్చి గుంటమీద ఆపినప్పుడల్లా కిందనుంచి ఎర్రయ్య "దండం బాబూ" అనేవాడు. గొంతులో ఎత్తిపొడుపు ఉంటే వెతికి పట్టుకుందామని ఆదినారాయణ చూసేవాడు. దొరికేది కాదు. కాల్ చెప్పకుండా ఎక్కడో పడుకున్నాడని కుర్ర ఫైర్‌మన్లు అతనికి నిద్దరోయిన ఎర్రయ్య అని పేరు పెట్టారు. నిన్ను లేపడానికి ఎవర్ని పంపాలని గుంటలోకి వంగి అడిగేవాళ్ళు. ఎర్రయ్య నవ్వి ఊరుకునేవాడు. పక్కనే ఉన్న ఆదినారాయణ ఎన్నడూ నోరెత్తి వాళ్ళని ఆపలేదు. ఆపితే ఎందుకని అడుగుతారు.

ఒక చలికాలం అతను కొత్త దుప్పటి కొని ఎర్రయ్య భార్య అప్పయమ్మకి పంపాడు. ఆవిడ బొగ్గు ఏరుకునే మనిషి. దుప్పటి మడత విప్పకుండా తిరిగి తెచ్చి, కాలవ అవతలే నిలబడి చెప్పింది.

"మాకు దుప్పటి ఒద్దు బాబూ. ఆ సంతకం మాట దొరకి సెప్పండి, సాలు."

పక్కింటివాళ్ళు ఏమిటి సంతకం అని అడిగితే, ఆవిడకి మతి సరిగా లేదన్నాడు ఆదినారాయణ. అది రెండో అబద్ధం. మొదటిదానికి భయం అడ్డుపెట్టుకోవచ్చు. దీనికి ఏదీ లేదు.

ఏళ్ళు గడిచాయి. బూడిద కళ్ళలో, ఊపిరిలో నిండి ఎర్రయ్య పంతొమ్మిదివందల ముప్ఫై ఎనిమిదిలో పని మానేశాడు. అరపా ఏటికి అవతల సర్కండాలో గుడిసె వేసుకున్నాడు. మరుసటేడు ఆదినారాయణ కూడా రిటైరయ్యాడు. అందరూ దండలేశారు, క్రమశిక్షణ గల డ్రైవరని పొగిడారు. ఆ దండ తీసి మేకుకి తగిలిస్తూంటే కనకమహాలక్ష్మి అతని మొహం కేసి చూసింది. వారం తిరక్కుండా అతను ఒంటరిగా ఏరు దాటి సర్కండా వెళ్ళాడు.

ఎర్రయ్యకి చూపు ఆనడం లేదు. అడుగుల చప్పుడుకి తలెత్తాడు. ఆదినారాయణ తన పేరు చెప్పుకున్నాడు.

"డ్రైవరు బాబుగారే! ఇంత పెందరాళే తమర్ని ఎవులు లేపినారు?" అని నవ్వాడు. నవ్వు దగ్గులో కలిసిపోయింది.

ఆదినారాయణ నేలమీద కూలబడ్డాడు. పన్నెండేళ్ళుగా మింగినదంతా కక్కాడు. ఆ రోజు కాల్ వచ్చింది, నేను పలికాను, నీ నోటిముందు కూడు నేనే తీశాను, నన్ను క్షమించమన్నాడు. ఎర్రయ్య చివరిదాకా విన్నాడు.

"నాకాడ సెప్తే ఏటవుద్ది బాబూ? నాను పిలిసినానని నాకు ఎరికే గదా. తెలీనోల కాడ సెప్పాల."

"నువ్వయినా ఆవేళ చెప్పలేదేం?"

"తమరు సెప్తారనుకున్నాను" అన్నాడు ఎర్రయ్య. "పదిమందిల తమర్ని అబద్దికుడని అనడానికి నోరు రానేదు."

ఏరు దాటి వస్తూ ఆదినారాయణ ఆ మాటని మోయలేకపోయాడు. గౌరవం అంటే బెంచీ అని, పేరుపెట్టి పిలవడమని తను అర్జీలో రాశాడు. రెండడుగుల దూరంలో నిలబడ్డవాడు ఎదుటివాడి పరువు కాపాడటానికి తన బతుకు వదులుకోవడం ఆ అర్జీలో ఎక్కడా లేదు. ఆ గౌరవం తనకి దక్కింది. తను దానికి తగడు.

షెడ్డు ఆఫీసులో శంకరరావు అనే పాత గుమస్తా ఉన్నాడు. ఆదినారాయణ నిజం రాసి ఇస్తానంటే ఆయన చదివి పెదవి విరిచాడు. రిటైరయిన ఒక్క మనిషి మాటకి పాత కాగితం తిరగరాయరు, ఆ ఏర్పాటులో ఉన్న మిగతా డ్రైవర్లు కూడా మేమూ అలాగే చేశామని రాసిస్తే ఫైలు తెరిపించవచ్చు అన్నాడు. పదకొండుమందిలో ముగ్గురు చనిపోయారు, ఒకరు విజయనగరం వైపు వెళ్ళిపోయారు. ఏడుగురు ఇక్కడే ఉన్నారు.

పోయిన నెల తెలుగు సంఘం మీటింగులో ఆదినారాయణ లేచి జరిగిందంతా చెప్పాడు. తన అబద్ధం దాచలేదు, దుప్పటి కూడా దాచలేదు. సన్యాసిరావు మీసం దువ్వుకుంటూ అన్నాడు: "బావా, నువ్వు నిద్దరోయి, ఇప్పుడు మమ్మల్ని లేపుతావేటి?" జనం గొల్లున నవ్వారు. పాత పెంట తవ్వితే అందరికీ కంపే, కూర్చోమన్నారు. ఆదినారాయణ కూర్చోలేదు. నవ్వు తగ్గేదాకా నిలబడి కాగితం బల్లమీద పరిచాడు. బిడ్డ పోయిన రోజు తలచుకున్నాడో ఏమో, చిన్నారావు ఒక్కడూ లేచి వచ్చి సంతకం పెట్టాడు. మిగతావాళ్ళు భోజనాల వేళయిందని కదిలారు.

ఇంకా అయిదు సంతకాలు కావాలి. ఆ అయిదుగురూ ఇది చదువుతారు, లేదా ఎవరిచేతనైనా చదివించుకుంటారు. అయ్యా, ఎర్రయ్య పిలిచినప్పుడల్లా మీరూ లోపల్నుంచి పలికారు. పలికిన సంగతి మీకు తెలుసు. ఇప్పుడు మీ ఉద్యోగం ఎవరూ తియ్యరు. మీకు పోయేది కాస్త బింకం. అటువైపు ఒక మనిషికి దగ్గు ఎక్కువైంది, నిద్దరోయిన ఎర్రయ్య అన్న పేరుతో పోతాడేమోనని అప్పయమ్మ భయపడుతోంది. కాగితం తార్‌బహార్‌లో చిన్నారావు ఇంట్లో ఉంది. ఆదివారంలోగా వెళ్ళి సంతకం పెట్టండి. డ్రైవర్లు కానివాళ్ళు మీ తండ్రినో, మామనో వెంటబెట్టుకు వెళ్ళండి, రానంటే ఆయన ఎదురుగా కూర్చుని ఎందుకు రానంటున్నారో అడగండి. కనకమహాలక్ష్మి ఒక్కసారి అడిగి ఊరుకుంది. మీరు ఊరుకోకండి.