జీపులో నేను పోసిన నూనె

నాకు యంత్రాల గురించి ఏమీ తెలియదని ఒప్పుకోవడానికి నలభై రెండేళ్లు పట్టింది. అప్పటిదాకా ఇంట్లో మిక్సీ ఆగిపోయినా, ఫ్యాను కిర్రుమన్నా స్క్రూడ్రైవరు పట్టుకుని ముందుకు దూకేది నేనే. ఆ తర్వాత పిలిపించిన మనిషి వచ్చి, "దీన్ని ముందుగాల ఎవరు విప్పిండ్రు?" అని అడిగితే, ఆఫీసుకు టైమైందని జారుకునేదీ నేనే.

2012 వేసవిలో మా ఆవిడకు బదిలీ అయింది. ఆవిడ పశువుల డాక్టరు. వేసింది వాగుల మధ్య ఉన్న ఏజెన్సీ మండలానికి. బస్సు మండల కేంద్రం దాకే పోతుంది. అక్కణ్నుంచి ఊళ్లకు మట్టి దారి, వానాకాలంలో అదీ ఉండదు. ఉద్యోగం మానేయమని నేను అనలేదు గానీ, సెలవు పెట్టమని రెండుసార్లు అన్నాను. ఆవిడ నా మాట చెవిన వేసుకోకుండా, నల్లకుంటలో ఒక రిటైర్డ్ లెక్చరరు అమ్ముతున్న పాత డీజిల్ జీపు చూసి వచ్చింది. అవసరమైతే నాలుగు చక్రాలూ లాగే బండి. దానికి ఎప్పుడేం చేయించాడో ఆ పెద్దాయన తేదీలతో సహా ఒక నోటుబుక్కులో రాసి పెట్టుకున్నాడు. బండి కంటే ఆ పుస్తకం చూసే కొన్నానంది.

సోమవారం తెల్లవారుజామున ఆవిడ బయల్దేరాలి. శనివారం పొద్దున్నే అశోక్‌నగర్‌లోని మా అపార్టుమెంటు నుంచి చిక్కడపల్లి గల్లీలో ఉన్న షెడ్డుకు జీపు తీసుకెళ్లాం. షెడ్డు యజమానిని అందరూ ఉస్తాద్ అనే పిలుస్తారు. అరవై దాటిన బక్కపల్చటి మనిషి. కళ్లజోడుకు తాడు కట్టి మెళ్లో వేసుకున్నాడు. నేను దిగి బండి గురించి ఉపన్యాసం మొదలుపెట్టేలోగా ఒకే ఒక్క ప్రశ్న అడిగాడు.

"నడిపేది ఎవరు?"

"నేనే," అంది మా ఆవిడ.

"అయితే మీరు ఇట్ల రండి డాక్టరమ్మా. సార్, మీరు జర గా స్టూలు మీద కూసోండి."

నాకు ఒళ్లు మండింది. అయినా కూర్చున్నాను.

నడిపేవాళ్ల చేతే ప్రతి బోల్టూ ఒక్కసారైనా విప్పించడం ఆయన పద్ధతి. గేర్లకో నూనె, ముందు ఇరుసుకూ వెనక ఇరుసుకూ వేరు వేరుగా నూనె, నాలుగు చక్రాలకూ బలం పంచే పెట్టెకు మరో నూనె. అన్నీ తీసి కొత్తవి పోయాలి. మా ఆవిడ పానా పట్టుకుని కింది బోల్టు మీద పెట్టగానే చెయ్యి అడ్డం పెట్టాడు.

"ముందుగాల పైది విప్పాలె, నూనె పోసేది. కిందికెల్లి మొత్తం తీసినంక పైది రాలేదనుకోండ్రి, ఏం జేస్తరు? బండి ఈడనే కూసుంటది."

ఇరవై ఏళ్ల ఆఫీసు జీవితంలో ఇంత ముందుచూపున్న మాట నాకెవరూ చెప్పలేదు. ముందు ఇరుసులోంచి వచ్చిన నల్లటి నూనెను ఆయన రెండు వేళ్ల మధ్య రుద్ది, ఎండకు పట్టి చూశాడు. ఇనుప రజను లేదు. చాయ్ రంగులో ఉంటే లోపలికి నీళ్లు పోయినట్టని చెప్పాడు. ఆవిడా అలాగే రుద్దింది, వాసన చూసింది. కుళ్లిన గుడ్ల కంపు అది. నేను ముక్కు మూసుకున్నాను. గేదె కడుపులో మోచేయి దాకా చెయ్యి పెట్టే మనిషికి అదొక లెక్కా!

ఫిల్టర్లు మార్చాక ఇంజను స్టార్ట్ చేసి, పొడవాటి స్క్రూడ్రైవరు మొనను దాని మీద ఆనించి, పిడిని చెవికి పెట్టుకున్నాడు ఉస్తాద్. మా ఆవిడ ముఖం విప్పారింది. అడిగి మరీ తీసుకుని తనూ చెవికి పెట్టుకుంది. ఒక్కో సిలిండరు దగ్గరా ఆగి వింటూ, "మూడోది ఎక్కువ కొట్టుకుంటోంది," అంది.

"సరిగ్గ పట్టిండ్రు!" అన్నాడాయన. ఇంజను ఆపి, చల్లారనిచ్చి, పల్చటి ఉక్కు రేకు సందులో దూర్చి వాల్వులు సరిచేశాడు. మళ్లీ స్టార్ట్ చేస్తే చప్పుడు మెత్తబడింది. పని తెలిసిన ఇద్దరు మనుషులు ఒకరినొకరు గుర్తుపట్టడం నేను స్టూలు మీంచి చూశాను. అసూయ కలిగింది, గర్వంగానూ అనిపించింది.

మధ్యాహ్నానికి బ్రేకులు ఒక్కటే మిగిలాయి. ఉస్తాద్ వంగి బ్రేకు నూనె డబ్బాను బయటినుంచే చూశాడు. గీత దాకా నిండుగా ఉంది. మా ఆవిడ నోటుబుక్కు తీసి చదివింది. మూడు నెలల కిందే రబ్బర్లూ నూనే అన్నీ మార్పించినట్టు లెక్చరరు రాశాడు.

"గంత మంచిగ రాసుకున్నోడు చేపిచ్చే ఉంటడు. దీన్ని ముట్టొద్దు, టైం భీ లేదు. కానీ డాక్టరమ్మా, ఒక్కటి యాద్ పెట్టుకోండ్రి. ఈ డబ్బల దీని నూనె తప్ప ఇంకోటి చుక్క పడొద్దు. ఇంజన్ ఆయిల్ పడితే లోపట రబ్బర్లు ఉబ్బుతయి. కొన్ని దినాలు బ్రేకులు మంచిగనే పడతయి. ఒక దినం పడయి."

అంతకు ముందు ఆదివారం ఆవిడ ఇంట్లో లేనప్పుడు బానెట్ ఎత్తి చూస్తే, ఆ డబ్బాలో నూనె గీతకు కాస్త దిగువన కనిపించింది. జీపుతో పాటు వచ్చిన ఇంజను ఆయిల్ డబ్బా పక్కనే ఉంది. చాయ్ కప్పు అంత పోసి, గీత దాకా నింపి, గుడ్డతో శుభ్రంగా తుడిచాను కూడా. సమయం చూసి ఆవిడ ముందు గొప్పగా చెప్పుకుందామని దాచిపెట్టాను.

పోసింది ఒక్క కప్పే కదా అనుకున్నాను. ఉస్తాదే నిండుగా ఉందన్నాడు కదా అనుకున్నాను. ఏదైనా తేడా వస్తే ఆ లెక్చరరు మీదకు పోతుందిలే అని కూడా అనుకున్నాను. ఇది రాస్తుంటే ఇప్పటికీ సిగ్గేస్తోంది. ఉస్తాద్ చేతులు తుడుచుకుని బానెట్ దించబోయాడు.

"అందులో నేను ఇంజన్ ఆయిల్ పోశాను," అన్నాను.

ఆయన తిట్టలేదు. మా ఆవిడ తన కిట్‌లోంచి పశువులకు వాడే లావు సిరంజి ఇస్తే, డబ్బాలోంచి కాస్త లాగి, నీళ్లున్న చాయ్ గ్లాసులోకి వదిలాడు. బ్రేకు నూనె నీళ్లలో కలిసిపోయింది. పైన బంగారు రంగు పొర ఒకటి తేలి, అలాగే నిలిచింది. ఆవిడ నా వైపు చూడకుండా సిరంజి కడిగి కిట్‌లో పెట్టుకుంది. తిట్టినా బాగుండేది.

ఉస్తాద్ గడియారం చూసి చెప్పులేసుకున్నాడు. "రేపు ఐతారం. కొత్త రబ్బర్లు తేవాలె, పుత్లీబౌలిల దుకాణాలు బంద్ గాకముందే పోవాలె. రండి సార్, కూసోండి."

ఆయన స్కూటర్ వెనక కూర్చుని నారాయణగూడ ఫ్లైఓవర్ ఎక్కుతుంటే ఎలా క్షమాపణ చెప్పాలా అని మాటలు వెతుక్కుంటున్నాను. ఆయనే అన్నాడు: "మూత తీసి చూడకుంటనే ఫుల్ ఉన్నదన్న. నాది భీ తప్పే సార్." నలభై ఏళ్లుగా చేస్తున్న పనిలో తన తప్పును అంత తేలిగ్గా ఒప్పుకున్న మనిషిని చూసి, నేను వెతుక్కున్న మాటలన్నీ మానేశాను.

ఆదివారం నాలుగు చక్రాలూ విప్పారు. గొట్టాలన్నీ కడిగారు. పాత రబ్బరునూ కొత్త రబ్బరునూ ఉస్తాద్ ఆవిడ అరచేతిలో పక్కపక్కన పెట్టాడు. పాతది అప్పటికే ఉబ్బి ఉంది. కొత్తవి బిగించి, అసలు నూనె పోసి, గొట్టాల్లో చిక్కిన గాలి తీయడానికి నన్ను సీట్లో కూర్చోబెట్టి బ్రేకు తొక్కమన్నారు. ఆవిడ చక్రం దగ్గర పానా పట్టుకుని నేల మీద కూర్చుంది.

"నొక్కండి," అంది. "అలాగే పట్టుకోండి." బుడగలు బయటికి వచ్చాక, "వదలండి."

శనివారం మధ్యాహ్నం నుంచి ఆవిడ నాతో అన్న మొదటి మాటలు అవే. చక్రం తర్వాత చక్రం, బుడగలు ఆగేదాకా గంటసేపు తొక్కాను. పిక్క వణుకుతున్నా ఆవిడ చెప్పేదాకా కాలు తీయలేదు. సోమవారం ఆవిడ వెళ్లిపోయింది.

జులైలో ఒక మధ్యాహ్నం బషీర్‌బాగ్‌లో ఆఫీసులో ఉండగా ఆవిడ ఫోన్ చేసింది.

"రాత్రి వానకు కల్వర్టు కొట్టుకుపోయింది. మలుపు తిరిగేదాకా కనబడలేదు. దిగుడు రోడ్డు. బండిలో అటెండరు కూడా ఉన్నాడు."

నేను కుర్చీలోంచి లేచాను. "మరి?"

"ఆగింది," అంది. "రెండడుగుల ఇవతల." తర్వాత మామూలుగా, "ఇక్కడో గేదె ఈనలేక అవస్థ పడుతోందట, చుట్టు దారిన వెళ్తున్నాం. సాయంత్రం మాట్లాడతా," అని పెట్టేసింది.

బల్ల మీద తల ఆనించి ఏడ్చాను. పక్క సీటాయన కంగారుగా వచ్చి ఎవరు పోయారని అడిగాడు. ఎవరూ పోలేదని చెప్పాను.