లేని పావుకిలో

బాబు పుట్టిన వారానికి నాంపల్లిలోని పిల్లల క్లినిక్‌కి వెళ్లాం. పుట్టినప్పటి బరువులో పది శాతం మించి తగ్గితే ప్రమాదమని డాక్టరు ముందే చెప్పారు.

నర్సు తూచి, "మూడు కిలోల వంద ఉన్నడమ్మా" అంది. పుట్టినప్పుడు మూడున్నర అని, ఆపరేషన్ మత్తులో ఉన్న నాకు అత్తయ్యే చెప్పారు. మూడువేల ఐదువందల గ్రాముల్లో చివరి సున్నా తీసేస్తే పది శాతం, మూడువందల యాభై. తగ్గింది నాలుగు వందలు! అందరి ముందూ వెక్కివెక్కి ఏడ్చాను.

"నా పాలు చాలక వీడేమైపోతాడో అత్తయ్యా!"

అత్తయ్య మొహం పాలిపోయింది. "ఊరుకో తల్లీ, వాడు పుట్టింది మూడుంబావే. చుట్టాలకి గొప్పగా మూడున్నర అన్నాను, నీకూ అదే చెప్పేశాను."

నర్సు ఫైలు చూసి ఔనంది. తగ్గింది నూట యాభై గ్రాములే!

వాడి ఒంట్లో ఎప్పుడూ లేని పావుకిలో కోసం అంత ఏడ్చాను.