లైన్లో నిలబడ్డ చెప్పులు

మా అమ్మ పాదాలకు స్పర్శ పోయి చాలా ఏళ్లయింది. సుగర్ ముదిరితే అంతేనట. నేను మొదట్లో దాన్ని కూడా వేళాకోళం చేశాను. కాలు తొక్కినా తిట్టని అత్త దొరికిందని నా పెళ్లాన్ని దేవుడికి దండం పెట్టుకోమన్నాను. అమ్మ కూడా నవ్వింది.

నార్సింగిలో మా ఇంటి నుంచి రెండు బస్సులు మారితే సర్కారు దవాఖాన. అక్కడొక డాక్టరమ్మ ఉండేది. అమ్మ పాదం తన ఒళ్లో పెట్టుకుని, బియ్యంలో రాళ్లు ఏరినట్టు వేలికీ వేలికీ మధ్య వెతికి చూసేది. అరికాలిలో పాత పుండొకటి మానింది ఆమె చేతిలోనే. ఇంట్లో నడిచినా చెప్పులు తీయొద్దని ఆమె గట్టిగా చెప్పింది. దవాఖాన నుంచే మెత్తటి చెప్పులు ఇప్పించింది. అమ్మకు ఆ మాట వేదం. అప్పటి నుంచి దేవుడి గదిలోకి పోకుండా గడప బయటే నిలబడి దండం పెట్టేది. డాక్టరమ్మ చెప్పింది, నువ్వే జర సర్దుకో అని దేవుడికే నచ్చజెప్పుకుంది.

అదే దవాఖానలో ఇంకో ఆచారం ఉంది. పొద్దున గేటు తెరవకముందే జనం వచ్చేస్తారు. గంటల తరబడి నిలబడే ఓపిక రోగికి ఎక్కడుంటుంది? అందుకని చెప్పులు విడిచి లైన్లో పెడతారు. చెప్పులు నిలబడతాయి, మనుషులు నీడకు పోయి కూర్చుంటారు. ఒకరి చెప్పులు ఒకరు దాటరు. అసెంబ్లీలో కూడా అంత క్రమశిక్షణ ఉండదు.

అంటే లోపల కూర్చున్న డాక్టరమ్మ చెప్పులు తీయొద్దంటుంది. ఆమె దగ్గరికి పోవాలంటే బయట చెప్పులు తీయాలి. బడీ నేనూ ఏడో తరగతిలోనే ఒకరితో ఒకరం విసిగి విడిపోయాం. ఇంతింత చదువులు చదివినవాళ్లు నడిపే చోట ఒక్కరికీ ఈ సంగతి తట్టలేదంటే, బడి మానేసి నేను పెద్దగా పోగొట్టుకున్నదేమీ లేదు.

మొన్న ఎండాకాలంలో అమ్మ అలాగే చెప్పులు లైన్లో పెట్టి, నీళ్ల కోసం కాలుతున్న సిమెంటు మీద నల్లా దాకా నడిచింది. కాలింది. ఆమెకు తెలియలేదు. మర్నాడు నా పెళ్లాం చూసేసరికి చిటికెన వేలు బొబ్బలెక్కి పగిలి ఉంది. వారం తిరక్కుండా నల్లబడింది. నొప్పి లేదు గదా, ఫికర్ ఎందుకని మాకే ధైర్యం చెప్పింది అమ్మ.

నేను హైటెక్ సిటీ ఆఫీసుల నుంచి ఉద్యోగులను తెల్లాపూర్ దాకా దింపే క్యాబ్ నడుపుతాను. వేలు నల్లబడ్డ రోజు ముందు సీట్లో కూర్చున్న సాఫ్ట్‌వేర్ అబ్బాయి సంగతంతా విని జాలిపడ్డాడు. "ఇంకా గవర్నమెంట్ హాస్పిటలేంటండీ? మీ డాక్టర్ని మీరే సెలెక్ట్ చేసుకోవచ్చు కదండీ" అని ఫోన్ తీసి చూపించాడు. వరసగా డాక్టర్ల ఫొటోలు, కింద నక్షత్రాలు. బిర్యానీని కూడా ఇలాగే ఎంచుకుంటాం, మళ్లీ కడుపు పట్టుకుని కూర్చుంటాం. అయినా ఎంచుకున్నాను. చేతిలో చుక్కలున్నప్పుడు మనిషి ఆగలేడు.

బుధవారం పోయాం. అంతా అద్దాల భవనం. నక్షత్రాల డాక్టర్ బల్లకు అవతలి నుంచే కాలు చూసి, కంప్యూటర్‌లో రిపోర్టు చూసి, చిటికెన వేలు తీసేయాలి, ఇవాళే చేర్చండన్నాడు. ఆ మాట కూడా నాతోనే అన్నాడు. కాలు నాది కాదని ఆయనకు తెలిసిందో లేదో మరి. ఒక్కసారి ముట్టి చూడమని అమ్మ అడిగింది. అన్నీ రిపోర్టులో ఉన్నాయన్నాడు. అమ్మ లేచింది.

"మా డాక్టరమ్మ అడిగితే కాలు మొత్తం ఇస్త. ఈయనకు గోరు గూడ ఇయ్య."

నేను బతిమాలాను, అరిచాను. ఆమె లిఫ్టు దగ్గరికి నడిచిపోయింది.

గురువారం సర్కారు దవాఖానకు తీసుకుపోయాను. కౌంటర్‌లో మనిషి తలెత్తకుండా, ఆ మేడం ఓపీ చూసేది మంగళవారమేనన్నాడు. దవాఖానలో ఉందా అని అడిగాను. పైన వార్డులోనే ఉందట. ఉన్నా లేనట్టేనట. ఈ రోజు ఎవరుంటే వాళ్లకే చూపించుకోవాలట. వేలు నల్లబడిందయ్యా, ఒక్క మాట ఆమెకు చెప్పమన్నాను.

"ఇదేమన్న హోటలా, నీకు నచ్చింది అడగనీకి?"

"హోటలైతే నయముండె. మాడిన దోశెనన్న వాపస్ తీస్కుంటరు."

లైన్లో ఉన్నవాళ్లంతా నవ్వారు. నేనెక్కడికి పోయినా నవ్వించగలను. కానీ నవ్వితే పై అంతస్తు నుంచి డాక్టర్లు దిగి రారు. ఆ రోజు డ్యూటీలో ఉన్న కుర్ర డాక్టర్ కట్టు మార్చి, మంగళవారం మీ మేడం ఉన్నప్పుడే రండని చీటీ మీద రాసి పంపేశాడు. ఒక చోట ఎంచుకోవచ్చు, చూసేవాడు లేడు. ఇంకో చోట చూసే మనిషి ఉంది, ఎంచుకోనివ్వరు. ఈ రెంటి మధ్యా మా అమ్మ కాలు వారం మారేదాకా ఎదురుచూసింది. నలుపు మాత్రం ఎదురుచూడలేదు.

మంగళవారం అమ్మను చెప్పులు తీయనివ్వలేదు. నా డ్యూటీ బూట్లు విప్పి ఆడవాళ్ల లైన్లో పెట్టాను. వెనకున్న పెద్దామె ఊరుకోలేదు.

"ఏంది బిడ్డా, ఆడోళ్ల లైన్ల మొగోని బూట్లు?"

"మంచి బూట్లే అత్తా. తలకాయ ఎత్తి ఎవ్వర్నీ చూడయి."

ఆమె తిడుతూనే తన చెప్పులు కాస్త వెనక్కి జరిపింది.

డాక్టరమ్మ కట్టు విప్పింది. పాదం ఒళ్లో పెట్టుకుంది. పక్క వేలు కూడా నల్లబడి ఉంది. ఎక్కడ కాలిందని అడిగితే అమ్మ కిటికీలోంచి బయటి లైను చూపించింది. గురువారం కూడా వచ్చి పోయామని నేను చెప్పాను. నన్నెందుకు పిలవలేదంది.

"మిమ్మల్ని అడగనీకి ఇది హోటల్ కాదట మేడం."

ఆ మాటకు ఆమె నవ్వలేదు. నేనూ నవ్వించడానికి అనలేదు. అమ్మ ముఖంలోకి చూస్తూ, రెండు వేళ్లు తీయాలి, పాదం మాత్రం కాపాడతానంది.

"నువ్వే తీస్తవా బిడ్డా?"

"నేనే తీస్తనమ్మా."

"అయితే తియ్యి."

అద్దాల భవనంలో ఆయన చెప్పిందీ ఇదే. తప్పు చెప్పలేదు. కానీ ఎవరి వేలు తీయాలో వాళ్ల ముఖం చూసి చెప్పడానికి ఆయనకు తీరలేదు. చూసి చెప్పగల మనిషిని పై అంతస్తులో పెట్టుకుని, కింద నుంచి ఒక్క మాట పంపడం వీళ్లకు చేతకాలేదు. మొదటి వేలు ఆ చెప్పుల లైను ఖాతా, రెండోది వీళ్లందరి ఖాతా. నక్షత్రాలు ఎవరికెన్ని ఇవ్వాలో ఆ అబ్బాయిని అడగాలి.

అమ్మను వార్డులో చేర్చి, నా పెళ్లాన్ని పక్కన కూర్చోబెట్టి, డ్యూటీకి పోదామని బయటికి వచ్చాను. మందుల కిటికీ ముందు మళ్లీ చెప్పుల వరుస. ఒకామె పాదానికి కట్టు. సగం కట్టు ఊడి దుమ్ములో ఈడుస్తోంది. ఆమె మెత్తటి చెప్పులు, అచ్చం మా అమ్మవి లాంటివే, లైన్లో నిలబడి ఉన్నాయి. నేను వాటిని తీసి ఆమె కాళ్ల ముందు పెట్టాను. ఆమె కస్సుమని లేచి వాటిని మళ్లీ లైన్లో పెట్టింది.

"నా జాగ పోతది. నువ్వు నిలబడ్తవా నాకోసం?"

నా బూట్లు విప్పి అక్కడ పెట్టి, ఆమె చెప్పులు ఆమెకిచ్చాను.

ఆ సాయంత్రం ఉత్త కాళ్లతో క్యాబ్ నడిపాను. తెల్లాపూర్‌లో దిగినాయన నాకు ఒకే నక్షత్రం ఇచ్చాడు. డ్రైవర్ కాళ్లకు బూట్లు లేవని కింద కారణం కూడా రాశాడు.