పైత్యమని చెప్పింది నేనే

మొన్న మా కోడలు వంటగదిలోకి వచ్చి, నెల తప్పిందత్తయ్యా అని నా చెవిలో చెప్పింది. నేనింకా తన చెంపలైనా నిమరలేదు, వసారాలో మంచం మీద నుంచి మా అత్తగారు, ఎనభై దాటినా చెవులు మాత్రం పాతికేళ్ళవి, "ఐదో నెల వచ్చేదాకా ఎవరికీ చెప్పకండర్రా, దిష్టి" అన్నారు. నా చేతిలో గరిటె ఉంది. పెద్దావిడ కదాని దాన్ని గిన్నెలోనే ఉంచాను గానీ ఒళ్ళు భగ్గున మండింది. పదేళ్ళ కిందట ఇదే ఇంట్లో ఇదే మాటకి నేను బుద్ధిగా తలూపాను.

అప్పట్లో మా మరిది కువైట్‌లో ఉండేవాడు. ఏడాదికోసారి సెలవు మీద వచ్చి, సబ్బులూ దుప్పట్లూ పంచిపెట్టి వెళ్ళేవాడు. నా తోటికోడలు కొత్తపేట వైపు పిల్ల, నాకంటే పదిహేనేళ్ళు చిన్నది. "అక్కా" అని సాగదీసి పిలిచేది, ఆ పిలుపు వింటే ఏదో అడగబోతోందని తెలిసిపోయేది. అంతకుముందు ఒకసారి దానికి రెండో నెలలోనే కడుపు పోయింది. ఎందుకు పోయిందో ఏ డాక్టర్నీ అడగలేదు మేము. ఎదురింటి వాళ్ళకి ముందే చెప్పడం వల్లేనని మా అత్తగారు తేల్చేశారు. అందుకని రెండోసారి నిలిచినప్పుడు ఇంటిల్లిపాదీ నోళ్ళు కట్టేసుకున్నాం.

ముఖ్యంగా దాచవలసింది ఆశా అమ్మాయి దగ్గర. ఊరి ఆశా వర్కరు కాబట్టి గర్భిణుల పేర్లు రాసుకుని, ఆసుపత్రికి తీసుకెళ్ళి కార్డు ఇప్పించేది ఆవిడే. కానీ మా రెండిళ్ళ అవతలే ఉంటుంది, అదీ చిక్కు. "దాని నోట్లో నువ్వుగింజ నానదు. దాని పుస్తకంలో పేరెక్కితే ఊళ్ళో దండోరా వేసినట్టే" అన్నారు అత్తగారు. ఆ అమ్మాయి నెలనెలా వచ్చి అరుగు మీద కూర్చుని, "వదినగారూ, మీ ఇంట్లో నీళ్ళోసుకున్నవాళ్ళు ఎవరన్నా ఉన్నారాండీ?" అని అడిగేది. ఒకసారి సరిగ్గా అదే సమయానికి పెరట్లో తోటికోడలు భళ్ళున వాంతి చేసుకుంది. ఆశా అమ్మాయి తల అటు తిప్పింది. "పైత్యం చేసిందమ్మా, అల్లం రసం ఇచ్చేం" అన్నాను. తడుముకోకుండా అన్నాను. "ఆయ్, అలాగేనండి. ఏదన్నా ఉంటే మాత్రం తొందరగా చెప్పండి, ముందు చూపించుకుంటేనే మంచిదండి" అని లేచి వెళ్ళిపోయింది. అలా మూడు నెలలు ఆవిణ్ణి గుమ్మంలోంచే పంపించాను.

ఇక్కడ ఇంకో సంగతి చెప్పకపోతే నా కోపం మీకు అర్థం కాదు. ఆ రోజుల్లోనే మా రెండు చెరువుల్లో కొత్తగా రొయ్యపిల్లని వేశాం. ముమ్మిడివరం ల్యాబులో పరీక్ష చేయించి, కాగితం చేతికొచ్చాకగానీ మావారు ఆ పిల్లని నీళ్ళలో వదల్లేదు. తెల్లారేసరికి చెరువు నీళ్ళు సీసాలో పట్టుకుని పరుగెత్తేవారు. తెగులు మొదట్లో పట్టుకుంటే చెరువు దక్కుతుంది, ఆలస్యమైతే సున్నం చల్లినా లాభం లేదని భోజనాల దగ్గర మాకు పాఠం చెప్పేవారు. తోటికోడలు కణతలు నొక్కుకుంటూ వినేది. అత్తగారు వినేవారు. నేను చారు వడ్డిస్తూ వినేదాన్ని. గోరంత రొయ్యకి చేయించిన పరీక్ష ఇంటికోడలికి ఎందుకు చేయించలేదని ఒక్కరికీ తోచలేదు. చదువుకున్నదాన్ని, నాకూ తోచలేదు.

ఐదో నెల రాగానే మంచిరోజు చూసి, అత్తగారే ఆశా అమ్మాయిని పిలిచి కబురు చెప్పారు. ఆవిడ ఆ పూటే ఆటోలో మమ్మల్ని ఆసుపత్రికి తీసుకెళ్ళింది. నర్సమ్మ తోటికోడలి చేతికి పట్టీ చుట్టి బీపీ చూసింది. మళ్ళీ చూసింది. మూడోసారి చూడకుండా డాక్టరమ్మని పిలిచింది. "ఈ బీపీ ముందు నుంచీ ఉందా, కడుపుతో వచ్చిందా? మొదటి నెలల్లో ఎంతుందండీ?" అని డాక్టరమ్మ అడిగింది. కొత్త కార్డులో మొదటి గళ్ళన్నీ తెల్లగా ఉన్నాయి. తలనొప్పి ఎప్పట్నించి అంటే, "మూడో నెల నుంచండి" అంది తోటికోడలు. నేను తెల్లబోయాను. నాకైనా చెప్పలేదేమే అంటే, "చెబితే ఆసుపత్రికెళ్ళాలి, అందరికీ తెలిసిపోద్ది కదక్కా" అంది. కొన్ని మందులు మూడో నెలలోనో నాలుగో నెలలోనో మొదలుపెడితేనే పనిచేస్తాయని, ఇప్పుడు ఆలస్యమైపోయిందని డాక్టరమ్మ చెప్పింది. ఉన్న మందులేవో రాసిచ్చింది. వేళ తప్పకుండా వేశాం, చేతులు కాలాక ఆకులు పట్టుకున్నట్టు.

ఏడో నెలలో ఒక మధ్యాహ్నం అన్నం ముందు కూర్చున్న మనిషి ఫిట్స్ వచ్చి పక్కకి ఒరిగిపోయింది. అమలాపురం తీసుకెళ్ళాం. తల్లి దక్కింది. పిల్ల దక్కలేదు. ఆడపిల్ల. గుడ్డలో చుట్టి నా చేతికే ఇచ్చారు. గోళ్ళు కూడా వచ్చేశాయి. ఇంటికొచ్చాక అత్తగారు మళ్ళీ దిష్టే అన్నారు. ఎవరికీ తెలియని కడుపుకి ఎవరి దిష్టి తగిలిందండీ అని నేనప్పుడు అడగలేదు. ఆవిడ మీద కోపం అరవై పాళ్ళయితే నా మీద నాకు నూరు పాళ్ళు.

అందుకే మొన్న ఆ గరిటె గిన్నెలో వదిలేసి, కోడల్ని చెప్పులేసుకోమన్నాను. అత్తగారు వెనక నుంచి కేకలేస్తూనే ఉన్నారు, వీధంతా వినపడేట్టు. మంచిదే అనుకున్నాను. ఆశా అమ్మాయికి ఇప్పుడు జుట్టు నెరిసింది. మమ్మల్ని చూసి, పుస్తకం తెరిచి, కలం పట్టుకుంది. "ఈసారి పైత్యం కాదు కదండీ వదినగారూ?" అంది. నవ్వలేదు. "కాదమ్మా, రెండో నెల. రాసుకో" అన్నాను. తోటికోడలి కార్డు నా బీరువాలో ఇంకా ఉంది. దానికి ఆ తర్వాత పిల్లలు కలగలేదు. ఇన్నేళ్ళ కాలం ఎన్నో గాయాలు మాన్పింది గానీ, ఆ కార్డులో మేము దాచుకున్న మూడు నెలల్లో ఒక్క గడి కూడా నింపలేకపోయింది.